జయపురంలో చేత్తో కుట్టించుకున్న బుల్లెట్ తోలు సీటు

ఒడిశాలోని జయపురం నుంచి కొరాపుట్, సెమిలిగూడ, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగే దారి తెలిసినవారికి మంచి సీటు విలువ వేరే చెప్పనక్కరలేదు. నేను పశువుల మందులు సరఫరా చేస్తాను. వారంలో సగం ఆ ఘాట్‌లోనే గడుస్తుంది. ఏళ్ల వాడకంతో నా బుల్లెట్ సీటులోని ఫోమ్ అణిగిపోయి, అడుగున ఉన్న రేకు ఒత్తుకునేది. సుంకి మలుపులు దిగేసరికి నడుము పట్టేసేది. పైగా నేను ఐదడుగుల మనిషిని. బండి ఆపినప్పుడల్లా మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చేది.

రెక్సిన్ తొడుగైతే వెయ్యి రూపాయల లోపే పని అయిపోతుంది. నేను ఈ తోలు సీటుకు 7,500 రూపాయలు ఇచ్చాను. ప్రతి రూపాయికీ తగిన పని జరిగిందని నిస్సంకోచంగా చెప్పగలను.

దుకాణం పాత ఊళ్లో, కోట వెనక సందులో ఉంది. బోర్డు లేదు. మేస్త్రిగారి పూర్వీకులది పార్వతీపురం ప్రాంతం. ఒడిశా విడిగా ఏర్పడిన 1936 వరకు జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనిదే కాబట్టి అలా వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. ఆయన తండ్రి తరంలో ఇంటి వెనకే లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క (బెరడు), కరక్కాయ వేసి తోళ్లు పదును చేసేవారట. ఇప్పుడు తోలు బయటి నుంచే వస్తుంది గానీ, చెక్కతో పదును చేసినదే కావాలని అడిగి తెప్పించుకుంటారు. క్రోమియం లవణాలతో చేసిన తోలు త్వరగా తయారవుతుంది, మెత్తగా ఉంటుంది. చెక్కతో చేసినది బిగువుగా ఉంటుంది. తడిపి లాగితే ఏ వంపులో ఆరబెడితే ఆ వంపులో నిలిచిపోతుంది. సీటుకు కావలసిన గుణం అదే.

నన్ను మొదట ఆకట్టుకున్నది ఆయన కొలత తీసుకున్న తీరు. ముడతల అట్టపెట్టె ఒకటి విప్పి, ఒక ముక్క పాత సీటు మీద పరిచి, "అమ్మా, రోజూ బండి నడిపేటట్టే కూర్చోండి" అన్నారు. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. కూర్చున్నప్పుడు మన బరువంతా మోసే ఎముకలవి. వాటి మధ్య దూరం కొలిచి, అక్కడ గట్టి ఫోమ్, పైన మెత్తటి పొర వేశారు. తర్వాత సీటు ముందు భాగాన్ని రెండు పక్కలా చెక్కి సన్నం చేశారు. ఎత్తు పెద్దగా తగ్గించలేదు. తొడల మధ్య వెడల్పు తగ్గడంతో కాళ్లు తిన్నగా దిగి, ఇప్పుడు పాదాలు రెండూ నేలకు ఆనుతున్నాయి. ఎత్తు తగ్గిస్తే ఫోమ్ పలచబడి మళ్లీ రేకు తగులుతుందని ఆయన ముందే హెచ్చరించారు.

కుట్టు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో మెలిపడి ఉంటాయి. ఒకచోట తెగితే ఆ వరుస మెల్లగా ఊడిపోతుంది. ఈయన ఆరెతో, అంటే తోలు పొడిచే మొనదేలిన పనిముట్టుతో, ఒక్కొక్క రంధ్రం పొడిచి, ఒకే దారానికి రెండు చివరలా ఉన్న రెండు సూదులనూ ఆ రంధ్రంలోంచే ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులతో ఒక్కసారి బిగిస్తారు. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు పట్టు వదలదు. దారం పాలిస్టర్; నూలు దారం వానకు కుళ్లిపోతుందని వాడరు. దానికి తేనెమైనం రుద్దుతుంటే దుకాణమంతా ఆ వాసనే. అతుకులన్నీ పక్కలకు తిప్పారు, కూర్చునే చోట ఒక్క రంధ్రం కూడా లేదు. మన కొండల్లో వానలు ఎలా ఉంటాయో తెలిసినవారే ఇలా ఆలోచిస్తారు. తోలుకు, ఫోమ్‌కు మధ్య ప్లాస్టిక్ పొర కూడా వేశారు.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన తేదీకి సీటు ఇవ్వలేదు. అడిగిన ప్రతిసారీ రేపంటే రేపన్నారు. బిల్లు ఇవ్వరు. మొదట్లో రంగు అంటుకుని నా లేత పసుపు చుడీదార్ పాడైంది. చెబితే సీటంతా పొడిగుడ్డతో తుడిచి, మైనం పట్టించి ఇచ్చారు, ఆ తర్వాత అంటలేదు. రంగు అంటుతుందన్న మాట ఆయన డెలివరీ రోజునే చెప్పి ఉండాల్సింది. ఎండలో నిలిపితే నల్లతోలు కాలుతుంది. వానలో బండి బయట వదలాలంటే కవరు తప్పనిసరి. తడిసినా నీడలోనే ఆరనివ్వాలి, ఎండలో పెడితే బీటలు వారుతుంది. సర్ఫు నీళ్లతో కడిగే అలవాటున్నవారు రెక్సినే వేయించుకోవడం మేలు.

వెళ్లేవారు తోలు ముక్కను తిరగేసి చూడండి. వెనక బట్ట నేత కనిపిస్తే అది రెక్సిన్, పీచు పీచుగా ఉంటే తోలు. బండి తీసుకునే వెళ్లండి, సీటు ఒక్కటే ఇస్తే ఆయన కొలత తీసుకోరు. జూలై, ఆగస్టుల్లో మాత్రం ఇవ్వకండి. తడిపి లాగిన తోలు ఆ ముసురులో ఆరదని ఆయనే పని ఒప్పుకోరు. దసరా తర్వాత వెళ్లడం మంచిది.