నాలుగేళ్లుగా కాలికి తొడుగుతున్న ప్లాస్టిక్ బ్రేసులు: తగ్గిన నొప్పి, తగ్గని మంట

మా నాన్న బయటికి వెళ్లేముందు పాత పంచె చింపి రెండు చీలమండలకూ బిగించి కట్టుకునేవారు. కట్టకపోతే పాదాల ముందుభాగం కిందికి వేలాడి, చదునైన నేల మీద కూడా తట్టుకుని పడేవారు. అది ఏ జబ్బో తెలియకుండానే వెళ్లిపోయారు. నాకు ముప్పై నాలుగో ఏట తెలిసింది, అది వంశపారంపర్యంగా వచ్చే చార్కో-మేరీ-టూత్ అనే నరాల జబ్బని. టూత్ అనేసరికి అమ్మ పళ్ల జబ్బనుకుంది. అవి 1886లో దీన్ని వర్ణించిన ముగ్గురు వైద్యుల పేర్లు. నాది 1ఎ రకం. పీఎంపీ22 అనే జన్యువు ఒక ప్రతి ఎక్కువై, నరాల మీది పొర దెబ్బతింటుంది.

నాన్న గుడ్డపట్టీకి బదులు నాకు పాలీప్రొపిలీన్ బ్రేసులు వచ్చాయి. పిక్క వెనక నుంచి దిగి, మడమ కింద మలుపు తిరిగి, అరికాలి పొడుగునా సాగే అచ్చు అది. మొదట మందుల దుకాణంలో దొరికే రెడీమేడ్‌ది కొన్నాను. పది రోజుల్లో చీలమండ బయటి ఎముక దగ్గర చర్మం ఒరిసి పుండయింది. తర్వాత కాలికి ప్లాస్టర్ చుట్టి కొలత తీసి చేయించుకున్నాను. జతకు అప్పట్లో 11,000 రూపాయలైంది. రెడీమేడ్‌కు పెట్టిన డబ్బు వృథా అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఇక నొప్పి సంగతి. పాదం నేలకు తగలకుండా మోకాళ్లు ఎత్తెత్తి నడవడం వల్ల సాయంత్రానికి తొడలూ నడుమూ పట్టేసేవి, మడమ మెలికపడేది. బ్రేసులు తొడిగాక నెల తిరిగేసరికి ఇవి బాగా తగ్గాయి. రాత్రి అరికాళ్లలో నిప్పులు పోసినట్టుండే మంట మాత్రం వీసమైనా కదల్లేదు. బ్రేసు చేసినాయన మీద కోప్పడ్డాను కూడా. ఆయన తప్పేమీ లేదు. బలహీనపడ్డ కండరాలూ కీళ్లూ మోసే భారం ఒక నొప్పి, దెబ్బతిన్న నరం తనంతట తాను పుట్టించేది ఇంకొకటి అని డాక్టరు విడమరిచి చెప్పారు. రెండోదానికి రాత్రిపూట ప్రీగాబలిన్ రాశారు. మొదటి రెండు వారాలు మత్తుగా ఉండి, నేను లెక్కలు రాసే విత్తనాల దుకాణంలో కూడికలు తప్పాను. ఇప్పుడు మంట పోలేదు కానీ నిద్ర పడుతోంది.

ఒక సాయంత్రం మేజోడు విప్పితే లోపల శనగగింజ కనిపించింది. పొద్దుటి నుంచీ దాని మీదే నడిచాను. అరికాలిలో గింజంత గుంట పడింది, నాకు తెలియనే లేదు. అంత మంట పెట్టే పాదానికి గింజ తగిలిన స్పర్శ లేదు! అప్పటి నుంచి రోజూ విప్పగానే చేతి అద్దంతో అరికాళ్లు చూసుకుంటున్నాను. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు రంగుకు రాకపోతే బ్రేసు ఒత్తుతున్నట్టే. వేడి గాలి పెట్టి ఆ చోట కాస్త వెడల్పు చేస్తారు, అయిదు నిమిషాల పని.

కర్నూలు ఎండాకాలంలో ఇవి తొడగడం శిక్షే. మే నెలలో మధ్యాహ్నానికి మేజోళ్లు పిండితే చెమట కారుతుంది, దుకాణంలో ఇంకో జత ఉంచుకుంటాను. చెప్పుల్లో ఇమడవు, ఒక సైజు పెద్ద బూట్లు కొనాలి. గుడి మెట్ల దగ్గర విప్పడానికి ఒక మనిషి ఆసరా కావాలి. నేల మీద పంక్తి భోజనానికి కూర్చోలేను కాబట్టి పెళ్లిళ్లలో నాకో కుర్చీ వేస్తారు, అందరూ ఎందుకని అడుగుతారు. అంటుకునే పట్టీలు ఏడాదికే పట్టు వదిలాయి. చెప్పులు కుట్టే ఆయన 60 రూపాయలకు కొత్తవి కుట్టి ఇచ్చారు, అసలువాటికంటే గట్టిగా ఉన్నాయి.

పోయిన నెల ఎడమది చీలమండ వంపు దగ్గర బీట వేసింది. కొత్త జతకు కొలత ఇచ్చి వచ్చాను. బయటి ఎముక దగ్గర ముందే వెడల్పు పెట్టమన్నాను, పిక్క వెనక గాలి ఆడేందుకు నాలుగు చిల్లులు కూడా అడిగాను. రెండు చాలన్నారు, ఎక్కువైతే విరుగుతుందట.