హజార్డ్ రేషియోనా, మరణాల లెక్కా, గ్రాఫా: ఏది మేలు?

గుంటూరులో క్యాన్సర్ మందులపై థీసిస్ రాస్తున్న పీజీ విద్యార్థిని ఒకరు ఎక్సెల్ షీటు చూపించి, "సార్, ఒక్కో ట్రయల్ ఫలితాన్ని ఒక్కో రకంగా ఇచ్చింది. నెట్‌వర్క్ మెటా అనాలిసిస్‌కు ఏది తీసుకోవాలి?" అని అడిగారు. పలు ట్రయల్స్ ఫలితాలను కలిపి ఎన్నో మందులను ఒకేసారి పోల్చే పద్ధతి అది. కొన్నింట్లో హజార్డ్ రేషియో (ఒక మందు తీసుకున్నవారిలో మరణాల రేటు మరో మందుతో పోలిస్తే ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి) ఉంది, కొన్నింట్లో మరణాల సంఖ్యే ఉంది, కొన్నింట్లో కాప్లాన్-మైయర్ గ్రాఫు (కాలం గడిచేకొద్దీ ఎంత శాతం మంది బతికి ఉన్నారో చూపే రేఖ) తప్ప మరేమీ లేదు.

మరణాల సంఖ్య ఎక్కించడం చాలా సులువు, అందుకే భయం. ఒక ట్రయల్ రోగులను ఏడాది, మరొకటి ఐదేళ్లు గమనిస్తే ఆ సంఖ్యలను ఒకే గాటన కట్టలేం. ఆరో నెలలో పోయిన ప్రాణమూ నలభయ్యో నెలలో పోయిన ప్రాణమూ ఈ లెక్కలో ఒకటే. రోగికి అదనంగా దక్కిన కాలాన్ని కదా మనం కొలవాలనుకున్నది! గత్యంతరం లేకపోతేనే, ఫాలో-అప్ కాలాన్ని కూడా మోడల్‌లో చేర్చి వాడాలి.

నా ఓటు హజార్డ్ రేషియోకే. ఉదాహరణకు విలువ 0.75, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండొచ్చని అంచనా వేసే పరిధి) 0.60 నుంచి 0.94 అనుకుందాం. సహజ లాగరిథం తీస్తే వరుసగా −0.288, −0.511, −0.062 వస్తాయి. హద్దుల తేడా 0.449ని 3.92తో (1.96కు రెట్టింపు) భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్, అంటే అంచనాలోని అనిశ్చితి కొలత, 0.115. రెండు హద్దుల సగటు −0.286, అసలు విలువకు దగ్గరగానే ఉంది కాబట్టి అంకెలు సరిగానే ఎక్కాయని నమ్మవచ్చు. ఈ సరిచూపును ప్రతి ట్రయల్‌కూ చేయండి. ఏ మందును దేనితో పోల్చారో కూడా చూడండి. దిశ తిరగబడితే గుర్తు మారుతుంది, మంచి మందు చెడ్డదవుతుంది.

అసలు చిక్కు మూడు మందుల ట్రయల్‌లో ఉంది. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని నెట్‌మెటా ప్యాకేజీ అక్కడ మూడు జతల పోలికలూ అడుగుతుంది. పేపర్లో కంట్రోల్‌తో (పోలికకు ఆధారంగా ఉంచిన గ్రూపుతో) పోల్చిన రెండే ఉంటే, మూడోదాని లాగ్ విలువ తీసివేతతో వస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం అంత తేలిగ్గా రాదు. రెండు వేరియన్స్‌లను (స్టాండర్డ్ ఎర్రర్ల వర్గాలను) కూడి, కోవేరియన్స్‌కు (రెండు అంచనాలు ఎంతవరకు కలిసి మారతాయో చెప్పే కొలతకు) రెట్టింపు తీసేసి, వర్గమూలం కట్టాలి. ఒకటిని కంట్రోల్ గ్రూపు మరణాల సంఖ్యతో భాగిస్తే ఆ కోవేరియన్స్ సుమారుగా దొరుకుతుంది. ఈ శ్రమ తప్పించుకోవడానికి పేపర్లోని ఆ రెండు పోలికలను రెండు వేర్వేరు ట్రయల్స్‌గా ఎక్కిస్తే కంట్రోల్ రోగులను రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

మరి గ్రాఫు? రేఖపై బిందువులు గుర్తించి, కింద ఇచ్చిన 'ఆయా నెలల్లో మిగిలిన రోగులు' వరుసతో కలిపి ఒక్కో రోగి సమాచారాన్ని తిరిగి కూర్చే పద్ధతిని గుయో బృందం 2012లో ప్రచురించింది. ఓపిక కావాలి, ఆ వరుస లేకపోతే ఫలితంపై నమ్మకం తగ్గుతుంది. అయినా ఇమ్యునోథెరపీ ట్రయల్స్‌లో ఈ కష్టం పడాల్సిందే. అక్కడ రెండు రేఖలూ కొన్ని నెలలు కలిసి నడిచి ఆ తరువాత విడిపోవడం తరచూ కనిపిస్తుంది. అలాంటి చోట ఒకే హజార్డ్ రేషియో సగం నిజమే చెబుతుంది. నెట్‌వర్క్‌లో అలాంటివి ఎక్కువగా ఉంటే అన్ని ట్రయల్స్‌కూ గ్రాఫులే తీసుకుని, కాలంతో మారే హజార్డ్‌ను అనుమతించే మోడల్ వాడాలి.

ఒకటో రెండో ట్రయల్స్‌కు మాత్రమే గ్రాఫు గతి అయితే, కూర్చిన సమాచారంపై కాక్స్ మోడల్ (హజార్డ్ రేషియోను లెక్కగట్టే గణాంక పద్ధతి) నడిపి, వచ్చిన హజార్డ్ రేషియోను అదే షీటులో, వేరే రంగుతో నమోదు చేయండి. విశ్లేషణను ఒకసారి వాటితో, ఒకసారి అవి లేకుండా నడిపి, రెండు ఫలితాలనూ థీసిస్‌లో చూపించండి.