బరువు తగ్గించే ఆపరేషన్: విదేశంలోనా, ఉన్నచోటేనా? ఏది మేలు?

విదేశానికి వెళ్లి బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఒకే మాట: "అక్కడి డాక్టర్లు మంచివాళ్లేనా?" అడగాల్సిందే. కానీ దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని నేను నమ్ముతాను. ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు రాత్రి జ్వరం వచ్చి, గుండె దడదడలాడుతుంటే ఎవరికి ఫోన్ చేస్తాం? ఆ ఫోన్ ఎత్తినవాళ్లు ఎంతసేపట్లో మనల్ని చూడగలరు? ఉన్నచోటా, పరాయి దేశమా అన్న పోలికలో చాలా భాగం ఈ ప్రశ్నకు దొరికే జవాబులోనే తేలిపోతుంది.

అలాగని విదేశానికి వెళ్లేవాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. లావుగా ఉన్నవాళ్లను లోకం ఇప్పటికే కావలసినదానికన్నా ఎక్కువ మాటలంటోంది. వాళ్లు వెళ్లడానికి గట్టి కారణాలే ఉంటాయి. ప్రభుత్వ వైద్యం ఉన్న దేశాల్లో పేరు నమోదు చేసుకున్నాక నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఎదురుచూడాలి. ఇన్సూరెన్స్ మీద నడిచే దేశాల్లో చాలా పాలసీలు ఈ ఆపరేషన్‌ను కవర్ చేయవు. అదే సరిహద్దు దాటితే తక్కువ ఖర్చుకు, కొన్ని వారాల్లోనే పని అయిపోతుంది. అమెరికా నుంచి మెక్సికోలోని టిజువానాకు, యూరప్ దేశాల నుంచి టర్కీలోని ఇస్తాంబుల్‌కు ఇంతమంది వెళ్తున్నది అందుకే. మోకాళ్లు అరిగిపోతూ, షుగర్ అదుపు తప్పుతూ ఉన్న మనిషిని "ఇంకో రెండేళ్లు ఆగు" అనడం న్యాయం కాదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉన్నచోట గడిచే ఆ ఎదురుచూపులో రెండు కలిసి ఉంటాయి. ఒకటి క్యూ. రెండోది సన్నాహం. క్యూ వల్ల మనకు ఒరిగేదేమీ లేదు. సన్నాహం అలా కాదు. ఎండోస్కోపీ చేసి, అంటే నోటిగుండా కెమెరా గొట్టం పంపి, అన్నవాహికలో పుండు ఉందేమో చూస్తారు. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగిపోతోందేమో పరీక్షిస్తారు. పొగ మాన్పిస్తారు. బాధ కలిగినప్పుడల్లా తిండి వైపు మళ్లే అలవాటు ఉంటే కౌన్సెలింగ్ ఇస్తారు. విదేశీ ప్యాకేజీ క్యూను తీసేస్తుంది, చాలాసార్లు దాంతోపాటు సన్నాహాన్నీ తీసేస్తుంది. ఫారం నింపి, ఫోటోలు పంపి, డిపాజిట్ కట్టి వెళ్తాం. పరీక్షలన్నీ ఆపరేషన్‌కు ముందురోజే. ఆ రోజు ఎండోస్కోపీలో ఏదైనా తేడా కనిపించినా, అంత దూరం వచ్చి, డబ్బు కట్టి, ఇంట్లో అందరికీ చెప్పుకున్నాక "వద్దు, వెనక్కి వెళ్లిపోతాను" అనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ఆ తేడా చిన్నదేమీ కాదు. విదేశీ ప్యాకేజీల్లో ఎక్కువగా కనిపించేది స్లీవ్. పొట్టలో దాదాపు మూడొంతుల నుంచి ఐదింట నాలుగు వంతుల వరకు కోసి తీసేసి, మిగిలినదాన్ని గొట్టంలా కుట్టే ఆపరేషన్ అది. తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టలేరు. ఫిన్లాండ్‌లో స్లీవ్, బైపాస్ (పొట్టను చిన్నగా చేసి, పేగులో కొంత భాగాన్ని దాటించే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లను పదేళ్లపాటు గమనించిన స్లీవ్‌పాస్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేస్తే, అన్నవాహిక యాసిడ్ వల్ల ఒరిసిపోయి కనిపించింది స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి. అంటే ఇప్పటికే ఛాతీలో మంటతో బాధపడేవాళ్లకు స్లీవ్ సరిపడకపోవచ్చు. ఈ సంగతి ఆపరేషన్‌కు మూడు నెలల ముందు తెలిస్తే నిర్ణయం మార్చుకోవచ్చు. ముందురోజు సాయంత్రం తెలిస్తే మార్చుకోవడం చాలా కష్టం.

అర్హత విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 1991 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూసే లెక్క) 40 దాటాలి, లేదా 35 దాటి షుగర్, బీపీ లాంటి జబ్బులు ఉండాలి. 2022లో బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే సర్జన్ల అమెరికా సంఘం, వాళ్ల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాన్ని సడలించాయి. 35 దాటితే జబ్బులు లేకపోయినా సిఫారసు చేయవచ్చు. 30 నుంచి 35 మధ్య ఉండి షుగర్ లాంటి జబ్బు ఉన్నవాళ్లకూ ఆలోచించవచ్చు. ఆసియా మూలాలున్నవాళ్లకు 27.5 నుంచే పరిశీలించవచ్చు. కాబట్టి పాత లెక్క పట్టుకుని మిమ్మల్ని కాదన్నారేమో ముందు కనుక్కోండి. అది కాక గుండె బలహీనంగా ఉందనో, మందుల వల్ల రిస్క్ ఉందనో కాదని ఉంటే, విమానం ఎక్కినంత మాత్రాన ఆ కారణం పోదు. ఇంకోచోట సరేనన్నారంటే రిస్క్ తగ్గిందని కాదు, అది వాళ్ల దృష్టికి రాలేదని కూడా కావచ్చు.

ఇక భద్రత. అనుభవమున్న చేతుల్లో ఇది ఇప్పుడు చాలా సురక్షితమైన ఆపరేషన్. ప్రాణానికి ముప్పు వెయ్యిమందిలో ఒకరికి అటూ ఇటూ. ఈ మాట అక్కడికీ ఇక్కడికీ వర్తిస్తుంది. విదేశాల్లో ఏటా వందల ఆపరేషన్లు చేసే గొప్ప సర్జన్లు ఉన్నారు. కోతకోసే నైపుణ్యంలో ఎవరు మేలన్నది దేశాన్ని బట్టి చెప్పలేం.

అసలు తేడా ఆ తర్వాతి మూడు వారాల్లో బయటపడుతుంది. స్లీవ్‌లో పొట్టను స్టేపుల్స్ అనే చిన్న లోహపు పిన్నులతో మూస్తారు. ఆ వరుసలో ఎక్కడైనా సందు ఏర్పడి లోపలి ద్రవం బయటికి కారితే దాన్ని లీక్ అంటారు. దాదాపు నూటికి ఒకరికి ఇది వస్తుంది. బాధ ఏమిటంటే, ఇది చాలాసార్లు ఆస్పత్రిలో ఉండగా కనబడదు. వారానికి, రెండు వారాలకు బయటపడుతుంది. ఉన్నచోట చేయించుకుంటే అప్పటికి ఆ సర్జన్ కారు దూరంలో ఉంటారు. ఏ స్టేపుల్ ఎక్కడ వేశారో ఆయనకు తెలుసు. విదేశంలో చేయించుకుంటే అప్పటికి మనం ఇంటికి వచ్చేసి ఉంటాం, లేదా ఇంకా ఘోరం, విమానంలో ఉంటాం. ఎమర్జెన్సీలో చూసే డాక్టరుకు లోపల ఏం జరిగిందో తెలియదు. గుండె వేగం నిమిషానికి 120 దాటడం, భుజంలో నొప్పి, ఊపిరి అందకపోవడం, జ్వరం... వీటిలో ఏది కనిపించినా "గ్యాస్ అయ్యుంటుంది, పొద్దున చూద్దాం" అనుకోకూడదు. ప్యాకేజీ కుదిర్చిన కోఆర్డినేటర్‌కు మెసేజ్ పెట్టి జవాబు కోసం కూర్చోకూడదు కూడా.

కాళ్లలో రక్తం గడ్డకట్టడం రెండో భయం. అధిక బరువు, తాజా ఆపరేషన్, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణం, మూడూ ఒకేచోట చేరతాయి. పొట్ట లోపలి చిన్న ఆపరేషన్ తర్వాత 4, 5 రోజులు, క్లిష్టమైనదైతే 10 రోజులు ఆగి విమానం ఎక్కమని బ్రిటన్ పౌర విమానయాన సంస్థ సలహా. ఐదు రోజుల ప్యాకేజీ చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. నన్నడిగితే పది రోజులకు తక్కువ బస ఉన్న ప్యాకేజీ ఏదీ తీసుకోవద్దు.

ఇన్ఫెక్షన్ల సంగతీ చెప్పాలి. 2018, 2019లలో టిజువానాలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేయించుకుని తిరిగొచ్చిన అమెరికన్లలో, దాదాపు ఏ మందుకూ లొంగని ఒక రకం సూడోమోనాస్ బ్యాక్టీరియా కనిపించింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ప్రయాణికులకు హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. 2023లో టర్కీలో బరువు తగ్గడానికి పొట్టలోకి బొటాక్స్ ఇంజెక్షన్లు వేయించుకున్న యూరప్ రోగులు పదుల సంఖ్యలో బొటులిజం (ఒంట్లో కండరాలను చచ్చుబడేలా చేసే విషప్రభావం) బారిన పడ్డారు. అది ఆపరేషన్ కాదు, నిజమే. కానీ అదే మార్కెట్‌లో, అదే ప్రకటనల పక్కన అమ్ముడవుతుంది. వీటివల్ల ఆ దేశాల ఆస్పత్రులన్నీ చెడ్డవని నేను అనను. హాస్పిటల్ గోడ మీది అంతర్జాతీయ గుర్తింపు పత్రం చూసి ధైర్యపడేవాళ్లకు ఒక్క మాట: ఆ పత్రం ఆస్పత్రి పద్ధతుల గురించి చెబుతుంది, మీకు ఆపరేషన్ చేసే సర్జన్ గురించి చెప్పదు.

అసలు ఏం ఆశించి వెళ్తున్నాం? చాలామంది మనసులో పెళ్లినాటి బరువో, కాలేజీనాటి బరువో ఉంటుంది. స్లీవ్‌తో మొత్తం బరువులో సుమారు నాలుగోవంతు, బైపాస్‌తో ఇంకాస్త ఎక్కువ తగ్గుతుంది. 120 కిలోల మనిషి ఏడాది, ఏడాదిన్నరకు 85, 90 దగ్గరికి వస్తారు. 60కి రారు. తర్వాత కొంత తిరిగి పెరగడం మామూలే. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. చర్మం వేలాడుతుంది. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఇవేవీ ప్యాకేజీ ప్రకటనలో ముందు పేజీలో ఉండవు. ఉన్నచోట చేసే డాక్టర్లలో కొందరు కూడా వీటిని తొందరతొందరగా దాటేస్తారు, అది వేరే విషయం.

విటమిన్ల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత ఏటా రక్తపరీక్ష చేయించాలి. ఆగకుండా వాంతులవుతుంటే ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి, కొన్ని వారాల్లోనే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. ఈ ఆపరేషన్ చేసిన బృందమే కనీసం రెండేళ్లు రోగిని చూసుకోవాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ చెబుతోంది. విదేశీ ప్యాకేజీలో దీనికి బదులుగా దొరికేది ఎక్కువగా వీడియో కాల్. మంచి డైటీషియన్ వీడియోలో కూడా చాలా సాయం చేయగలరు. రక్తం తీయలేరు, పొట్ట తడిమి చూడలేరు. కాబట్టి ఖర్చు పోల్చేటప్పుడు ఆపరేషన్ ధరల్ని పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. రెండేళ్ల పరీక్షలు, విటమిన్లు, తోడు వచ్చేవాళ్ల ఖర్చు, తేడా వస్తే రెండో ఆపరేషన్‌కు పక్కన ఉంచాల్సిన డబ్బు, అన్నీ కలపాలి. కావాలని చేయించుకున్న ఆపరేషన్ వల్ల వచ్చే సమస్యలను మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా చెల్లించదు.

పొట్ట పైభాగం చుట్టూ వేసే బ్యాండ్, పొట్ట లోపల ఉంచే బెలూన్ అయితే నా జవాబు సూటిగానే ఉంటుంది: విదేశంలో వద్దు. బ్యాండ్‌ను మాటిమాటికీ బిగించాలి, వదులు చేయాలి. చాలా రకాల బెలూన్లను ఆరు నెలలకో, ఏడాదికో తీయించాలి.

ఉన్నచోటే ఉండి మందులతో ప్రయత్నించడం మూడో దారి. ఆకలిని తగ్గించే మందుల్లో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 20 శాతం దాకా బరువు తగ్గినట్టు పెద్ద అధ్యయనాల్లో తేలింది. ఆపేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. అయినా క్యూలో ఉన్నవాళ్లకు, ఆపరేషన్ ముందు కొంత బరువు తగ్గించుకోవాల్సినవాళ్లకు ఇది చేతికందే మార్గం. డాక్టరుతో మాట్లాడకుండా దీన్ని పక్కన పెట్టొద్దు.

మరి ఏది మేలు? ఏడాదిలోపు ఉన్నచోట అయ్యే వీలుంటే, కొంచెం ఎక్కువ ఖర్చయినా ఉన్నచోటే చేయించుకోండి. షుగర్‌తో పాటు గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, ఇంతకుముందు పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు దూరం వెళ్లకపోవడమే మంచిది. విదేశం సరిపడేది ఎవరికంటే, అక్కడ సొంతమనుషులుండి, వాళ్ల దగ్గర నెలరోజులు ఉండగలిగేవాళ్లకు, లేదా రోడ్డు మీద కొన్ని గంటల్లో ఆ సర్జన్ దగ్గరికి తిరిగి వెళ్లగలిగేవాళ్లకు. పది గంటల విమాన ప్రయాణం, ఒంటరిగా, వారం రోజులకు? అది నేను నా మనిషికి చెప్పను.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే, ఆపరేషన్ రిపోర్టు డిశ్చార్జ్ రోజే మీ డాక్టరు చదవగలిగే భాషలో ఇస్తామని ముందే రాయించుకోండి. ఏ ఆపరేషన్ చేశారు, పొట్ట ఎంత మిగిల్చారు, బైపాస్ అయితే పేగును ఎంత పొడవున దాటించారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ తర్వాత డిపాజిట్ కట్టకముందే మీ దగ్గర్లోని ఒక డాక్టరు దగ్గరికి వెళ్లి, "తిరిగొచ్చాక నన్ను చూస్తారా?" అని అడగండి. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి. సరేనన్నవాళ్లు దొరికి, తిరిగొచ్చిన వారానికి అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాకే టికెట్ కొనండి.