మెత్తటి కుక్కకు పరుగెక్కడ: పార్కా, వీధా, పొడవాటి తాడా?

మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అంటారు. కుక్కల విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఏడాది వయసు లాబ్రడార్‌కో గోల్డెన్ రిట్రీవర్‌కో ఎదురొచ్చే ప్రతి కుక్కా చుట్టమే. తోక ఊపుకుంటూ నేరుగా దాని ముఖం మీదికి పరిగెడుతుంది. మర్యాద నేర్చిన కుక్కలు అలా వెళ్లవు. కాస్త వంపు తిరిగి, పక్కనుంచి వచ్చి, వెనకవైపు వాసన చూసి, ఆ తర్వాతే ముఖం దాకా వస్తాయి. ముఖాముఖి దూసుకురావడమంటే చాలా కుక్కల లెక్కలో కయ్యానికి కాలు దువ్వడమే. అంటే మన అమాయకపు కుక్క తనకు తెలియకుండానే కోపిష్టి కుక్కను రెచ్చగొడుతూ ఉంటుందన్నమాట.

భయపడి బయటికి తీసుకెళ్లడం మానేద్దామా అంటే, ఆ ఒంట్లో ఉన్న ఉత్సాహం ఎక్కడికీ పోదు. చెప్పుల మీద, సోఫా దిండ్ల మీద, తలుపు అంచుల మీద తీరుతుంది. అందుకే ఎక్కడ తిప్పాలి, ఎలా తిప్పాలి అన్నది తేల్చుకోక తప్పదు. నా మొగ్గు ముందే చెప్పేస్తాను, పొడవాటి తాడు వైపు. కానీ అది అందరికీ అన్ని రోజులూ కుదిరేది కాదు, మిగతావి కూడా తూచి చూడాల్సిందే.

డాగ్ పార్క్

చూడటానికి ఇంతకంటే మేలైనది లేదనిపిస్తుంది. చుట్టూ కంచె, లీష్ (చేత్తో పట్టుకునే పట్టీ) విప్పేయొచ్చు, బాణంలా పరిగెత్తే వీలు. కండకు తగ్గ పని దొరికే చోటు నిజంగా ఇదే. ఇబ్బందల్లా ఆ కంచె లోపల ఇంకెవరున్నారో మన చేతిలో లేకపోవడం. పక్క కుక్కకు టీకాలు వేశారో లేదో, నిన్న ఎవరిని కరిచిందో మనకు తెలియదు. దాని యజమాని ఫోన్‌లోంచి తల ఎత్తడు. ఎత్తినా "మాది ఏమీ చెయ్యదండీ, ఆడుకోవడానికే వస్తోంది" అంటాడు. ఆ మాట మనమూ అంటూనే ఉంటామన్నది వేరే సంగతి. లీష్‌లో ఉన్న కుక్క మీదికి తమ కుక్కను వదిలి, అదే మాట అనేవాళ్లు చాలామంది.

పార్కులో గొడవలకు అనువైన చోట్లు ఉంటాయి. గేటు దగ్గర గుమిగూడే కుక్కలు, బంతి, తిండి, ఒకే ఆవరణలో పెద్దవాటితో పాటు వదిలిన చిన్నవి. చిన్న కుక్క కీచుమని పరిగెడితే, మామూలుగా మంచిదైన పెద్ద కుక్కకు కూడా వేట బుద్ధి పుట్టొచ్చు. వెళ్లాల్సి వస్తే గేటు బయటే కాసేపు నిలబడి చూడండి. ఒళ్లు బిగబట్టి, నోరు మూసి, కళ్లార్పకుండా చూసే కుక్క లోపల ఉంటే వెనక్కి తిరగడమే మంచిది. తోక ఊపుతోంది కదా అని నమ్మకండి. పైకి నిలబెట్టి, కర్రలా బిగించి, మెల్లగా ఊపే తోక స్నేహానిది కాదు.

పార్కు మీద నాకున్న అసలు అభ్యంతరం గాయం గురించి కాదు. గాయం మానుతుంది. కానీ ఒక్కసారి గట్టిగా దాడికి గురైన మెత్తటి కుక్క, తర్వాత ఏ కుక్క కనిపించినా ముందే పళ్లు చూపించడం నేర్చుకోవచ్చు. ఇన్నాళ్లూ ఎవరినైతే తప్పించుకు తిరిగామో, మన కుక్కే అలా తయారవుతుంది. ఖాళీగా ఉన్న పార్కు బంగారం. నిండిన పార్కు మాత్రం జూదమే.

లీష్ పట్టుకుని వీధిలో నడక

అందరికీ అందుబాటులో ఉన్నది ఇదే. అయితే దీంతో కుక్క అలిసిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. మనిషి నడక గంటకు 5 కిలోమీటర్లకు అటూ ఇటూ. మధ్యస్థ, పెద్ద జాతి కుక్క హాయిగా సాగించే పరుగు నడక దానికి ఇంచుమించు రెట్టింపు. మనకు గంట వ్యాయామమైతే, దానికి అది ఒళ్లు విరుచుకోవడంతో సమానం. వీధి నడకకు విలువ వచ్చేది కాళ్ల వల్ల కాదు, ముక్కు వల్ల. ప్రతి స్తంభం దగ్గరా, ప్రతి పొద దగ్గరా దాన్ని ఆగనివ్వండి. గబగబా లాక్కెళ్లిన నలభై నిమిషాల కన్నా, తీరిగ్గా వాసనలు చూసిన ఇరవై నిమిషాలకే కుక్క ఎక్కువ కుదుటపడుతుంది.

దీనిలోని లోపం లీష్‌లోనే ఉంది. ఎదురుగా కుక్క కనబడగానే మనం కంగారుగా లీష్ బిగిస్తాం. మన కుక్క ఛాతీ ముందుకొచ్చి, మెడ పైకి లేచి, ఎదుటిదానికి సవాలు విసిరినట్టు కనిపిస్తుంది. పైగా తప్పించుకుని పోయే దారి దానికి లేదు. అందుకే వీధి నడకలో నైపుణ్యమంతా దూరం పాటించడంలో ఉంటుంది. అవతలి కుక్క మనల్ని గమనించకముందే రోడ్డు దాటండి. దాటే వీలు లేకపోతే ఆగి ఉన్న కారు చాటుకో, తెరిచి ఉన్న గేటు లోపలికో తప్పుకోండి. అదీ లేకపోతే నేరుగా కాకుండా వంపు తిరిగి వెళ్లండి. లీష్ వదులుగా ఉండనివ్వండి, నోట్లోకి ట్రీట్లు (చిరుతిండి ముక్కలు) పడుతూ ఉండాలి. ఇరుకు సందుల కన్నా వెడల్పాటి దారి మేలు. చూపు సాగినంత దూరం కనిపించే దారి అయితే మరీ మేలు.

నడకకు ఏ వేళ మంచిదన్న ప్రశ్న ఒకటుంది. తెల్లవారుజామున జనం తక్కువ, లీష్ లేకుండా వదిలేసిన పెంపుడు కుక్కలూ తక్కువ. కానీ గుంపుగా తిరిగే వీధి కుక్కలు చురుగ్గా ఉండేది కూడా అప్పుడే. మిట్టమధ్యాహ్నం అవన్నీ నీడలో పడుకుంటాయి కదా అని బయల్దేరితే రోడ్డు కాలిపోతూ ఉంటుంది. అరచేతి వెనక భాగం నేల మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ నేల కుక్క పాదాలకూ పనికిరాదు. మీ దారిలో ఏ కుక్క ఏ వేళ ఎక్కడుంటుందో కొన్నాళ్లు గమనించి వేళ కుదుర్చుకోవడం తప్ప మార్గం లేదు.

మీట నొక్కితే సాగి ముడుచుకునే లీష్‌లు మాత్రం ఈ పనికి వద్దు. కావాల్సిన క్షణంలో అది వెనక్కి రాదు. సన్నటి తాడు చేతిని కోస్తుంది. పిడి జారి కింద పడితే గలగలమంటూ కుక్క వెంట పడి దాన్ని ఇంకా హడలగొడుతుంది.

పొడవాటి తాడు, విశాలమైన ఖాళీ చోటు

10 నుంచి 15 మీటర్ల తాడు. కాలర్‌కు కాదు, వీపు మీద కొక్కెం ఉన్న హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) కట్టాలి. వేగంగా పరిగెత్తిన కుక్క తాడు చివర ఆగిపోయినప్పుడు ఆ ఈడ్పంతా మెడ మీద పడకూడదు. పార్కులోని పరుగూ, లీష్‌లోని అదుపూ రెండూ దీనిలో చాలావరకు దొరుకుతాయి. గుండ్రంగా తిరుగుతుంది, బంతి వెంట పడుతుంది, గడ్డిలో ముక్కు పెట్టి తిరుగుతుంది. దూరంగా ఇంకో కుక్క కనిపిస్తే మన చేతిలో సమయం ఉంటుంది. తాడు చుట్టుకుంటూ దాన్ని దగ్గరికి రప్పించుకుని, నిదానంగా ఇంకో వైపు నడిచిపోవచ్చు.

అయితే తాడు పట్టుకోవడం నేర్చుకోవాలి. చేతికి మెలి వేసుకోకూడదు, వేళ్లు విరగడానికి ఒక్క ఈడ్పు చాలు. చేతి తొడుగులు వేసుకోండి. తాడు మీ కాళ్లకు చుట్టుకోకుండా చూసుకోండి. తాడు చివరిదాకా పరుగు అందుకోకముందే పిలిచి ఆపండి. నైలాన్ తాడు తడిస్తే చేతిలో జారుతుంది, నూలుది తడిస్తే బరువెక్కుతుంది. రబ్బరులాంటి పూత ఉన్న తాళ్లు రెండింటికన్నా మేలు, తుడిస్తే శుభ్రమవుతాయి. చెట్లున్న చోటా, పిల్లలు ఆడుకునే చోటా ఈ పని వద్దు.

పేరు పిలిస్తే వెనక్కి రావడం నేర్పడానికి కూడా దీన్ని మించిన సాధనం లేదు. పిలిచారు, వచ్చింది, మంచి తిండి దొరికింది, మళ్లీ వదిలేశారు. ఆ "మళ్లీ వదిలేశారు" అన్నదే ముఖ్యం. పిలిచిన ప్రతిసారీ ఇంటికి తీసుకెళ్లిపోతే, పిలుపు వినిపించగానే దూరంగా పారిపోవడం నేర్చుకుంటుంది. మెత్తటి కుక్కకు ఆపదలో దక్కే రక్షణ పిలుపే. కోపిష్టి కుక్క వైపు చుట్టరికం కలుపుకోవడానికి పరిగెడుతున్నప్పుడు దాన్ని వెనక్కి తిప్పగలిగేది అదొక్కటే.

ఇంట్లో ఆటలు, తెలిసిన నేస్తం

బయటికి పోలేని రోజుల్లో ఇంట్లోనే అలసట తెప్పించవచ్చు, మీరు అనుకునేదానికన్నా తేలిగ్గా. కుక్క ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు కోట్లలో ఉంటాయి, వాటికి పని చెప్పాలి. తిండి గిన్నెలో పెట్టే బదులు గడ్డిలోనో పాత తువ్వాలు మడతల్లోనో చల్లండి, అట్టపెట్టెల్లో దాచండి. కర్రకు తాడు కట్టి, తాడు చివర బొమ్మ కట్టి నేల మీద తిప్పితే చిన్న చోటులోనే చెమటలు పట్టినంత పని (కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదనుకోండి). బొమ్మను గాల్లోకి లేపి ఎగిరించకండి, నున్నటి పలకల మీద ఆడించకండి. పెద్ద జాతుల్లో ఎముకల ఎదుగుదల పూర్తవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా అదేపనిగా ఎగరడం, బంతి కోసం వందసార్లు గిరుక్కున తిరగడం కీళ్లకు మంచిది కాదు.

తెలిసిన ఒక్క కుక్కతో ఆట, నన్నడిగితే, పార్కు నిండా ఉన్న కుక్కల కన్నా మేలు. మొదట ఇద్దరు యజమానులూ దూరం పాటిస్తూ ఒకే దిక్కుగా నడిచి, క్రమంగా దగ్గరవ్వాలి. ఆట సజావుగా సాగుతోందా అని తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వెంటపడుతున్న కుక్కను ఒక్క క్షణం పట్టి ఆపండి. రెండోది మళ్లీ దాని దగ్గరికే వస్తే ఆట. పక్కకు తప్పుకుంటే దానికి ఇష్టం లేదన్నమాట. ముందు కాళ్లు చాచి వంగడం, వంతులు మారడం, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకోవడం మంచి గుర్తులు.

పగలంతా కుక్కను వదిలి వెళ్లే డే కేర్ అంటే డబ్బిచ్చి వెళ్లే పార్కే. కుక్కలను స్వభావాన్ని బట్టి విడదీస్తారా, ఒక మనిషికి ఎన్ని కుక్కలు అని అడగకుండా వదిలిపెట్టకండి. ఈత బాగుంటుంది, నీళ్లంటే ఇష్టపడే జాతికి.

కోపిష్టి కుక్క మీదికి వచ్చేస్తే చేతిలో ఏది?

దూసుకొచ్చే కుక్క ముఖం మీదికి గుప్పెడు ట్రీట్లు విసరడం నా మొదటి ఎంపిక. నిజంగా దాడికి వచ్చేదాన్ని అది ఆపదు, కానీ తేల్చుకోలేక వచ్చే కుక్కలను ఆపుతుంది, అలాంటివే ఎక్కువ. తర్వాతిది గొడుగు. ఫట్‌మని తెరిస్తే గోడ పుట్టుకొచ్చినట్టుంటుంది. అయితే ముందు మన కుక్కకు ఇంట్లో అలవాటు చెయ్యాలి, లేకపోతే అదే ముందు పారిపోతుంది. సిట్రొనెల్లా స్ప్రే కూడా వాడుకోవచ్చు. మిరియాల స్ప్రే మాత్రం ఎదురుగాలిలో మన కళ్లలోకే, మన కుక్క కళ్లలోకే వస్తుంది, కొన్ని చోట్ల చట్టం ఒప్పుకోదు కూడా. కర్ర అడ్డం పెట్టడానికి సరే. కొట్టడానికి దిగితే కొన్ని కుక్కలు ఇంకా రెచ్చిపోతాయి. రాయి అందుకున్నట్టు వంగడం మనుషుల మధ్య తిరిగి పెరిగిన వీధి కుక్క దగ్గర చాలావరకు పని చేస్తుంది, ఇంట్లో పెరిగిన దానికి ఆ సైగ అర్థం కాదు.

చిన్న కుక్కను ఎత్తుకోవాలా? ఎత్తుకుని నిలబడితే అవతలిది మీ మీదికి ఎగురుతుంది. పక్కనే కారు పైకప్పో గేటో ఉండి, దాన్ని అవతల పెట్టగలిగితేనే ఎత్తండి. లీష్ వదిలేయాలా? బండ్లు తిరిగే రోడ్డు మీద వద్దు. కంచె లోపలైతే వదిలేయండి, పారిపోయే అవకాశమన్నా ఇవ్వండి.

ఒక కుక్క ఇంకోదాన్ని కరిచి పట్టుకున్నాక మాత్రం నోటి దగ్గరికి చెయ్యి పెట్టకండి, కాలర్ కోసం కూడా. విడదీయడానికి నీళ్లు, తొడుక్కున్న కోటు, మధ్యలోకి ఏదైనా పలక వాడండి. ఇద్దరుంటే చెరో కుక్క వెనక కాళ్లు ఎత్తి వెనక్కి లాగాలి. ఆ తర్వాత పైకి కనిపించే రంధ్రం చిన్నదైనా లోపల కండ నలిగి ఉంటుంది. అదే రోజు పశువైద్యుడికి చూపించండి, రేబీస్ టీకా వేయించి ఉన్నా ఆ సంగతి చెప్పి మళ్లీ వెయ్యాలేమో అడగండి. మీకే కాటు పడితే ముందు సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అప్పుడు ఆసుపత్రికి.

వారానికి ఎలా సర్దుకోవాలి

చోటు దొరికినవాళ్లకు వారంలో మూడు నాలుగు రోజులు పొడవాటి తాడు, రోజూ కాసేపు ముక్కుకు పని చెప్పే వీధి నడక, వీలైనప్పుడు నేస్తంతో ఆట. చోటు దొరకనివాళ్లకు ఇంటి ఆటలూ, నేస్తమూ ముఖ్యం, వీధి నడక వాటి తర్వాత. పార్కు ఖాళీగా ఉంటేనే.

ఇప్పటికే కాటు తిన్న కుక్క అయితే వరుస మారుతుంది. మొదట కొన్నాళ్లు ఇల్లే, ఆటలే, గాయం మానేదాకా పరుగులు వద్దు. తర్వాత పెద్ద వయసు, నెమ్మదైన కుక్క ఒకదానితో దూరంగా నడక. ఆ నడకలో మీ కుక్క తిండి తీసుకోగలుగుతుంటే దూరం సరిపోయినట్టే. మామూలుగా ఇష్టంగా తినేదాన్ని కూడా ముట్టకపోతే ఇంకా దగ్గరగా ఉన్నట్టు, వెనక్కి జరగండి. వారాల తరబడి ఏ మార్పూ లేకుండా, ఏ కుక్క కనిపించినా వణుకుతుంటే మామూలు శిక్షకుడితో సరిపెట్టుకోక, జంతు ప్రవర్తన తెలిసిన పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. మందు అవసరమో కాదో తేల్చగలిగేది వాళ్లే.