ఇంజన్ మంచిదే, దాన్ని చల్లగా ఉంచే సరంజామాయే చౌక: టర్బో పెట్రోల్ కారుతో ఆరేళ్ళు

2019 చివర్లో కొన్న కారు ఇది. నాలుగు మీటర్లలోపు ఎస్‌యూవీ, లీటరు టర్బో పెట్రోల్, మూడు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు. రీడింగ్ 70 వేలు దాటింది. కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు. ఈ సైజులో, ఈ ధరలో వచ్చే కార్లు వాడేవాళ్ళు చాలామంది హీటింగ్ గురించే మొత్తుకుంటున్నారు, వాళ్ళందరికీ పనికొచ్చే సంగతులే ఇందులో ఎక్కువ.

మంచి మాటలు ముందు చెప్పేస్తాను. పికప్ బాగుంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోతున్నా ఇంజన్ గొంతు పెరగదు. ఊళ్ళో లీటరుకు 12, హైవే మీద 17 దాకా ఇస్తుంది. గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా గుంతల్ని బాగానే మింగుతుంది. సీట్లు, ఏసీ, బ్రేకులు... వీటి మీద ఫిర్యాదు లేదు. ఆడియో సిస్టమ్ గురించి మా అబ్బాయిని అడగాలి.

అసలు ఇంత చిన్న ఇంజన్ ఎందుకు పెడతారంటే పన్ను కోసం. పొడవు 4 మీటర్లలోపు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీలోపు ఉంటేనే చిన్న కారు పన్ను పడుతుంది. అందుకని పెద్ద ఇంజన్ చేయాల్సిన పనిని లీటరు ఇంజన్‌కి టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) తగిలించి చేయిస్తారు. పని తగ్గలేదు, వేడీ తగ్గలేదు. ఆ వేడంతా ఇరుకు బానెట్ కింద, ఎర్రగా కాలే టర్బో పక్కన చేరుతుంది. దాన్ని బయటికి మోసుకుపోవాల్సింది కూలంట్. ఆ కూలంట్ తిరిగే దారిలో థర్మోస్టాట్ హౌసింగ్ (వేడిని బట్టి కూలంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ కూర్చునే గూడు), పైపుల జాయింట్లు, రేడియేటర్ రెండు పక్కల ట్యాంకులు అన్నీ ప్లాస్టిక్. కొత్తలో బానే ఉంటాయి. వేడెక్కుతూ చల్లారుతూ నాలుగైదేళ్ళు గడిచాక పెళుసెక్కుతాయి.

నా కారులో నాలుగో ఎండాకాలం నుంచి కూలంట్ డబ్బాలో మట్టం మెల్లగా తగ్గడం మొదలైంది. ప్రతి సర్వీసులోనూ చెప్పాను. ప్రతిసారీ ఒకటే జవాబు: "ఎండలు కదా సార్, నార్మలే, టాపప్ చేశాం." బిల్లులన్నీ దాచుకునే అలవాటుంది కాబట్టి తర్వాత వరసగా పరిచి చూస్తే 'కూలంట్ టాపప్' అన్న ముక్క ప్రతి జాబ్‌కార్డులోనూ ఉంది. ఎక్కడికి పోతోందో చూశామన్న మాట ఒక్కదానిలోనూ లేదు. పాత అంబాసిడర్ రేడియేటర్ అయితే నీళ్ళు ఆవిరైపోయేవి, పోసుకునేవాళ్ళం. ఇప్పటి కార్లలో అది మూసేసిన వ్యవస్థ. ప్రెషర్ క్యాప్ బిగించి ఉంటుంది. ఎండలకి ఆవిరైపోయే వీలు దానికి లేదు. నెలనెలా తగ్గుతోందంటే బయటికి కారుతోంది, లేదా సిలిండర్‌లోకి పోయి పొగ గొట్టంలోంచి పోతోంది, లేదా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తోంది. ఇంకో దారి లేదు.

ఫలితం విజయవాడ హైవే మీద కనిపించింది. ఏప్రిల్ మధ్యాహ్నం, నార్కట్‌పల్లి దాటాం. ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. గ్యాస్ అయిపోయిందేమో అంది మా ఆవిడ. మీటర్ ముల్లు చూస్తే నిబ్బరంగా మధ్యలోనే ఉంది. కాసేపటికి ఇంకా కిందికి దిగింది. ఇంజన్ చల్లబడుతోందనుకునే లోపే ఎర్ర దీపం వెలిగింది, పికప్ చచ్చిపోయింది. పక్కకు తీసి ఆపేశాను.

ఈ వరస గుర్తుపెట్టుకోండి, చాలామంది ఇంజన్లు పోయింది ఇక్కడే. ఇంజన్ మరీ వేడెక్కితే కంప్యూటర్ ముందు ఏసీ కంప్రెసర్‌ని ఆపేస్తుంది, అదే వేడిగాలి. ఇక ముల్లు సంగతి. టెంపరేచర్ సెన్సర్ కూలంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. కూలంట్ కారిపోయి సెన్సర్ ఖాళీలో వేలాడుతుంటే తక్కువ చూపిస్తుంది. అంటే ఇంజన్ మాడిపోతున్నప్పుడు ముల్లు దిగొచ్చు. దానికి తోడు చాలా కార్లలో ఈ ముల్లుని కావాలనే మొద్దుగా పెడతారు. వేడి కొంచెం అటూ ఇటూ అయినా కదలకుండా మధ్యలో నిలబెడతారు, ఊరికే ఊగుతుంటే జనం సర్వీస్ సెంటర్‌కి పరుగెడతారని. కొన్ని కార్లలో ముల్లే ఉండదు, ఇంజన్ చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం అంతే.

రోడ్డు పక్క హోటల్ కుర్రాడు పాపం బకెట్‌తో నీళ్ళు తెచ్చాడు, పోసేద్దామని. వద్దన్నాను. కాలిపోతున్న అల్యూమినియం హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే ఇంజన్ పైభాగం) మీదికి చన్నీళ్ళు పోతే అది వంకరపోతుంది, పగిలినా పగులుతుంది. వేడి మీద మూత తిప్పితే మరిగే కూలంట్ మొహాన చిమ్ముతుంది. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగాలి. మేం ఆ నీళ్ళు తాగి, టోయింగ్ బండి కోసం కూర్చున్నాం. అది వచ్చేసరికి సాయంత్రమైంది.

కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్ రెండు లక్షలు దాటింది. హాఫ్ ఇంజన్ (హెడ్ కాకుండా పిస్టన్లతో సహా కింది భాగం) మార్చాలన్నారు. వారంటీ అయిపోయింది. పైగా "కూలంట్ చెక్ చేసుకోవాల్సింది కదా సార్" అన్నాడు సర్వీస్ అడ్వైజర్. టాపప్ బిల్లులు తీసి టేబుల్ మీద పెట్టాక స్వరం మారింది, గుడ్‌విల్ కింద స్పేర్ పార్టుల మీద కొంత తగ్గిస్తామన్నారు. అయినా హాఫ్ ఇంజన్ మాట వదల్లేదు. హెడ్ దించి చూడకుండానే ఇంజన్ పోయిందని ఎలా తేల్చారంటే దానికి జవాబు లేదు.

బండిని మూసాపేటలో తెలిసిన గ్యారేజీకి పట్టుకుపోయాను. అక్కడి మెకానిక్ ముందు బిల్లులు చూసి నవ్వాడు. "ఇన్నిసార్లు పోసిన్రు గని, ఏడికి పోతుందో ఒక్కడన్న చూసిండా సార్? ముందుగాల అది దొర్కాలె." కూలింగ్ సిస్టమ్‌కి చేతి పంపుతో గాలి ప్రెషర్ ఎక్కించి గేజ్ పెట్టి వదిలేశాడు. పది నిమిషాల్లో దొరికింది. థర్మోస్టాట్ హౌసింగ్‌కి పైపు కలిసే చోట వెంట్రుకంత చీలిక. చల్లగా ఉంటే మూసుకుంటుంది, వేడెక్కి ప్రెషర్ పెరిగితే తెరుచుకుంటుంది. కారిన కూలంట్ వేడి ఇంజన్ మీదే ఇగిరిపోయి తెల్లటి పొర కడుతుంది తప్ప కింద చుక్క పడదు. అందుకే పార్కింగ్‌లో ఎప్పుడూ మరక కనబడలేదు.

హెడ్ దించితే కొద్దిగా వంగింది, దాని కింద ఉండే గాస్కెట్ పొర రెండో సిలిండర్ దగ్గర కాలింది. పిస్టన్లు, సిలిండర్ గోడలు బాగున్నాయి. లేత్‌లో హెడ్ ఫేసింగ్ చేయించి (అంటే చదును చేయించి), కొత్త గాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు (ఇవి ఒకసారి బిగిస్తే సాగే రకం, పాతవి మళ్ళీ వాడకూడదు, ఎవరైనా వాడదామంటే ఒప్పుకోకండి), హౌసింగ్, థర్మోస్టాట్, వాటర్ పంప్, హోస్ పైపులు అన్నీ మార్పించాను. ఎస్టిమేట్‌లో మూడో వంతు కూడా అవలేదు. చీలింది ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే, దాని ధర రెండు వేల లోపు. అది మొదటి ఫిర్యాదప్పుడే మార్చి ఉంటే ఇదంతా లేదు.

రిపేరు తర్వాత ఓబీడీ స్కానర్ ఒకటి కొన్నాను. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చితే బ్లూటూత్‌తో ఫోన్‌లో కూలంట్ వేడిని డిగ్రీల్లో చూపిస్తుంది. వెయ్యి రూపాయల లోపే వస్తుంది. నా బండి పరుగులో ఉంటే 90 నుంచి 95. బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఏసీ వేసుకుని నిలబడితే 100 దాటుతుంది, ఫ్యాన్ పెద్ద స్పీడు అందుకోగానే మళ్ళీ దిగుతుంది. 100 చూసి కంగారుపడక్కర్లేదు. కూలంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి ప్రెషర్ క్యాప్ కింద ఉంచితే 120 దాటేదాకా మరగదు. కానీ క్యాప్ రబ్బరు పాడైనా, కూలంట్ బదులు బోరు నీళ్ళు పోసినా ఆ లెక్క తప్పుతుంది. మన బోరు నీళ్ళ సంగతి బాత్రూమ్ కుళాయి మీది తెల్ల పొర చూస్తే తెలుస్తుంది, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది.

హీటింగ్ ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం రోగం అక్కడే తెలుస్తుంది. ట్రాఫిక్‌లో మాత్రమే వచ్చి, బండి కదిలితే తగ్గిపోతే అనుమానం ఫ్యాన్ మీద, దాని రిలే మీద. నిలబడ్డ కారుకి గాలి ఇచ్చేది ఫ్యానొక్కటే కదా. ట్రాఫిక్‌లో బాగుండి, హైవే మీదో శ్రీశైలం ఘాట్‌లోనో ఎక్కితే కూలంట్ తక్కువైందనో, రేడియేటర్ పూడిందనో, థర్మోస్టాట్ సరిగా తెరుచుకోవట్లేదనో, పంప్ నెట్టలేకపోతోందనో చూడాలి. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు రోజూ తిరిగేవాళ్ళకి ఇంకోటి: ఆ కట్టడాల దుమ్ము ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య మెత్తలా పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే కనబడదు. దాన్ని వాటర్ గన్‌తో గట్టిగా కొట్టిస్తే రెక్కలు వంగిపోయి గాలి ఇంకా ఆగిపోతుంది, నెమ్మదిగా కడిగించాలి.

కారు ఆపాక ఫ్యాన్ ఇంకో నిమిషం రెండు నిమిషాలు తిరగడం మాత్రం రోగం కాదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇప్పటికీ వచ్చి "సార్, బండి బంద్ చేయలే" అని చెప్పి పోతుంటాడు.

ఇప్పుడు ఏ కారుకి ఏం జరిగినా ఇ20 పెట్రోల్ (20 శాతం ఎథనాల్ కలిపినది) మీదికి నెడుతున్నారు. ఎథనాల్‌లో శక్తి తక్కువ, మైలేజీ తగ్గుతుంది, నాకూ కాస్త తగ్గింది. పాత బండ్ల రబ్బరు భాగాల గురించి భయమూ అర్థం చేసుకోదగ్గదే. కానీ కూలంట్ తిరిగే దారిలో పెట్రోల్ ఉండదు. ఆ ప్లాస్టిక్ చీలితే ఎథనాల్‌ని తిట్టి లాభం లేదు, పైగా సర్వీస్ సెంటర్ వాళ్ళకి మంచి సాకు దొరుకుతుంది.

కూలంట్ సంగతి తేలిగ్గా తీసుకుంటే ఎక్కడిదాకా పోతుందో దక్షిణాఫ్రికాలో చూశారు. అక్కడ ఫోర్డ్ కూగా 1.6 కార్లు వరసగా తగలబడ్డాయి. 2017 జనవరిలో 4,556 కార్లు రీకాల్ చేశారు. కూలంట్ సరిగా తిరగక ఇంజన్ వేడెక్కడం, సిలిండర్ హెడ్ పగలడం, ఆయిల్ కారి వేడి భాగాల మీద పడి అంటుకోవడం: కంపెనీ చెప్పిన కారణం ఇదే. మన దగ్గర కూడా 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి రీకాల్ నిబంధనలు ఉన్నాయి. బండి వయసు ఏడేళ్ళలోపు ఉండాలి, ఫిర్యాదు వాహన్ పోర్టల్‌లో పెట్టాలి. ఫిర్యాదులు ఒక సంఖ్య దాటితేనే కదలిక వస్తుంది. మనవాళ్ళు సర్వీస్ సెంటర్‌లో అరిచి వచ్చేస్తారు, పోర్టల్‌లో మాత్రం రాయరు. నేను రాశాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను, ఆ తర్వాతే కంపెనీ నుంచి పెద్దాయన ఒకరు మాట్లాడారు. మాట్లాడారు, అంతే.

ఇన్సూరెన్స్‌లో ఏమన్నా వస్తుందేమోనని ఆశపడొద్దు. మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి చోటే లేదు. వానల్లో నీళ్ళు నిలుస్తాయని హైదరాబాద్‌లో చాలామంది ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకుంటారు. దాని అసలు ఉద్దేశం ఇంజన్‌లోకి నీళ్ళు పోవడం. కూలంట్ తగ్గి వేడెక్కిన ఇంజన్‌కి డబ్బులు ఇస్తారనుకునే ముందు పాలసీ కాగితం చదువుకోండి.

రిపేరు తర్వాత రెండు ఎండాకాలాలు గడిచాయి. మట్టం గీత మీద నుంచి కదల్లేదు. బండి నాకిప్పటికీ నచ్చుతుంది. ఇంజన్‌కి ఐదుకి నాలుగిస్తాను, కూలింగ్ భాగాలకి ఒకటిన్నర, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

ఇలాంటి టర్బో బండి సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్ళు, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. అమ్మేవాళ్ళు ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకో రోజు వస్తామనండి. డబ్బాలో మట్టం, రంగు చూడండి. ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటి జిగురుంటే కూలంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని అనుమానించాలి, బేరం అక్కడే ఆపొచ్చు. పాత జాబ్‌కార్డులు అడగండి, వాటిలో 'టాపప్' ఎన్నిసార్లుందో చూడండి. ఐదేళ్ళు దాటిన బండి అయితే థర్మోస్టాట్ హౌసింగ్, క్యాప్, పైపులు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. విడిభాగాలు జాంబాగ్‌లో దొరుకుతాయి, కానీ హౌసింగ్ మాత్రం కంపెనీ డబ్బాలో వచ్చిందే తీసుకోండి. బయటి రకం ఒకటి మా గ్యారేజీలో పక్కనపెట్టి చూపించాడు, పైపు కూర్చునే చోట గోడ మందం సగమే ఉంది.