బావి, బోరు, డ్రిప్పు: అనంతపురం ఎర్రనేలలో ఏది మేలు?

యంత్రాలు పెరగడం మనిషికి మేలా, చేటా అన్న వాదన గాల్లో చేస్తే ఎన్నటికీ తెగదు. అనంతపురం జిల్లాలో ఒక చేని గట్టు మీద నిలబడి చేస్తే కొంతైనా తెగుతుంది. ఇక్కడ ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం దాటి ఇక్కడికి వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతుంది. నీళ్ళు తోడే సాధనం మారిన ప్రతిసారీ ఇక్కడి సేద్యం మారింది, అప్పూ మారింది. కపిల బావి (ఎద్దులతో తోలు బాన లాగించి నీళ్ళు తోడేది), మోటారు బోరు, డ్రిప్పు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి లెక్క చూద్దాం. నాలుగోది ఒకటుంది, అన్నిటికంటే చవకది. దాని సంగతి చివర్లో.

ముందు నేల కింద ఏముందో తెలియాలి. ఎర్రమట్టి కింద మెత్తబడిన రాతి పొర ఉంటుంది, చాలాచోట్ల 30 నుంచి 60 అడుగుల దాకా. వాన నీరు నిలిచేది ముఖ్యంగా అందులోనే. దాని కింద గట్టి రాయి. ఆ రాతిలో నీరుండేది పగుళ్ళలో మాత్రమే, అవీ లోతుకు పోయేకొద్దీ తగ్గిపోతాయి. కింద నది పారుతోందనీ, ఇంకో రెండొందల అడుగులు దిగితే దొరుకుతుందనీ చెప్పే మాటల్ని నమ్మొద్దు.

బావి: కళ్ళెదుటి నీరు

25 అడుగుల వెడల్పున్న గుండ్రటి బావిలో ఒక్క అడుగు నీరంటే దాదాపు 14 వేల లీటర్లు. ఆరున్నర అంగుళాల బోరులో ఒక్క అడుగు నీరంటే ఆరున్నర లీటర్లు. వెయ్యి అడుగుల బోరు అంచుదాకా నిండినా అందులో ఉండేది ఆ బావిలో అరడుగు నీరంత. బావి నీళ్ళ కొట్టు లాంటిది, రాత్రంతా ఊరి పొద్దునకు నిండుతుంది. బోరు వట్టి గొట్టం.

బావికి ఇంకో గుణముంది. మెట్లు దిగితే మట్టం కనబడుతుంది. మాఘంలో నాలుగు మెట్లు దిగిందంటే చైత్రానికి ఎంత మిగులుతుందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. దాన్ని బట్టే మడి తగ్గించుకునేవాళ్ళు. కపిల తోలే ఎద్దులు అలిసిపోతే తోడటం ఆగేది. ఆ హద్దును ఎవరూ చట్టం చేసి పెట్టలేదు, సాధనంలోనే ఉంది.

అయినా వెనక్కి పోదామని మేం చెప్పడం లేదు. తోలు బానతో, తొండంతో, రెండు జతల ఎద్దులతో పొద్దుగూకులూ తోలినా అరెకరం తడవడం గగనం. తాగునీటి సంగతైతే మరీ కష్టం. దిగుడు బావిలో కాళ్ళు పెట్టి కడవ ముంచే ఊళ్ళలో నారికురుపు పీడించేది. చర్మం చీల్చుకుని బయటికొచ్చే ఆ పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాల్సి వచ్చేది. దిగుడు బావుల వాడకం మాన్పించి, చేతి పంపులు వేసి, నీళ్ళు వడకట్టడం నేర్పాకే ఆ రోగం పోయింది. దేశంలో చివరి కేసు 1996లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి విముక్తి పత్రం ఇచ్చింది. బోరు చేటు గురించి మాట్లాడే ముందు ఈ మేలును ఒప్పుకుని తీరాలి.

బోరు: లోతుకొద్దీ తగ్గే లాభం

చేటు తాగునీటి బోరుతో రాలేదు. సేద్యానికి ఒకరి పక్కన ఒకరు వేసిన బోర్లతో వచ్చింది. లెక్క ఇలా ఉంటుంది. పంపు, మోటారు కలిపి వాడిన కరెంటులో 40 శాతం పనికొస్తుందనుకుందాం. 5 హెచ్‌పీ మోటారు 200 అడుగుల నుంచి గంటకు సుమారు 9 వేల లీటర్లు ఎత్తుతుంది. అదే శక్తితో వెయ్యి అడుగుల నుంచి ఎత్తేది 1,800 లీటర్లే. వెయ్యి లీటర్లకు 40 అడుగుల బావి నుంచి యూనిట్లో పన్నెండో వంతు చాలు. వెయ్యి అడుగుల నుంచైతే రెండు యూనిట్లు దాటుతుంది. నీళ్ళు అవే, పంట అదే, ఖర్చు 25 రెట్లు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కాబట్టి ఈ తేడా రైతు బిల్లులో కనబడదు. ఉచిత కరెంటు తప్పని మా మాట కాదు, ఈ రైతుకు అది లేకపోతే సేద్యమే లేదు. కానీ కనబడని ఖర్చు ఎవరినీ ఆపదు.

బోరు వేసే రోజు ఎక్కువమంది మోసపోయేది ఒక్కచోట. సుత్తి దిగుతుంటే రాతి పొడి తెల్లగా, పొడిగా ఎగురుతుంది. పగులు తగలగానే పొడి తడిసి బురదవుతుంది, కంప్రెసరు గాలికి నీళ్ళు బుస్సున పైకి లేస్తాయి. అందరూ 'రెండించులు పడింది' అంటారు, టెంకాయ కొడతారు. ఆ లేచినవి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు. రోజూ వచ్చి చేరే నీళ్ళు ఎన్నో అప్పుడు తెలియదు. తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి. మోటారు వేసిన పది నిమిషాలకు డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండిందో రాసుకోండి. ఆపకుండా నాలుగు గంటలు నడిపి మళ్ళీ కొలవండి. మొదట రెండు నిమిషాల్లో నిండి, తర్వాత నాలుగు నిమిషాలు పట్టిందంటే మీ బోరు సత్తా గంటకు 3 వేల లీటర్లే, 6 వేలు కాదు. పంట ఎంత పెట్టాలో రెండో అంకె మీద లెక్కేయాలి. మొదటి అంకె మీద చీనీ (బత్తాయి) చెట్లు నాటి, మూడో వేసవిలో కళ్ళెదుటే ఎండబెట్టుకున్న తోటలు జిల్లాలో ప్రతి మండలంలో ఉన్నాయి.

బోరు లోతెక్కితే ముందు ఎండేది పక్కవాడి బావి. పైపొర నీరు పగుళ్ళ గుండా కిందికి దిగిపోతుంది. బావి ఉన్నది పేద రైతుకైతే, వెయ్యి అడుగులు వేయగలిగినవాడు తెలియకుండానే అతని నీళ్ళు లాగేసుకున్నట్టు. అతను అప్పు చేసి బోరు వేస్తాడు. అది పడకపోతే ఇంకోటి వేస్తాడు. మెట్ట సేద్యం చేసే కుటుంబాల్ని కూల్చేది చాలాసార్లు పంట నష్టం కంటే ఈ పడని బోర్ల అప్పే. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోరుకు అనుమతి ఉండాలంది, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వద్దంది. రాత్రికి రాత్రి లారీ వచ్చి బోరేసి పోతే ఆ కాగితం ఏం చేస్తుంది?

లోతు నీటితో ఫ్లోరైడు కూడా పైకొస్తుంది. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీరు దాన్ని కరిగించుకుంటుంది. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ళు గారపట్టడం మొదలవుతుంది, అంతకంతకూ పెరిగితే ఎముకలు బిగుసుకుంటాయి. 1995లో సత్యసాయి ట్రస్టు 700 పైచిలుకు ఊళ్ళకు తాగునీటి పైపులు వేయాల్సి వచ్చిందంటే కరువుతోపాటు ఇదీ ఒక కారణం.

ఆటో స్టార్టరు గురించి కూడా చెప్పాలి. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆ చిన్న పెట్టె ఉంటే అర్ధరాత్రి పాములున్న గట్టు మీద నడవక్కర్లేదు. అదే ఊళ్ళో అందరికీ ఉంటే కరెంటు వచ్చిన క్షణాన మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలుకు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోవడం, కాయిళ్ళు కాలడం అందుకే. దానికి బదులు సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టరు, నీళ్ళు లేకపోతే ఆపేసే డ్రై రన్ రక్షణతో కలిపి పెట్టుకుంటే రైతు ప్రాణమూ మోటారూ రెండూ దక్కుతాయి.

డ్రిప్పు: ఎకరంలో మిగులు, ఊళ్ళో సున్నా

2003లో సూక్ష్మ సేద్యం పథకం మొదలయ్యాక సబ్సిడీతో డ్రిప్పు ఊరూరా వచ్చింది. చీనీకి ఇది కచ్చితంగా మేలైనది. పాదుల్లో నీళ్ళు కట్టి మొదలు తడిపితే బంక కారే తెగులు వస్తుంది. కాపుకొచ్చిన చెట్టుకు మొదలు నుంచి మీటరు దూరంలో నాలుగు వైపులా గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు పెడితే వేరుకే నీరందుతుంది, మొదలు పొడిగా ఉంటుంది.

కానీ మన బోరు నీటిలో ఉప్పులెక్కువ. డ్రిప్పరు నోటి దగ్గర తెల్లటి పొర కట్టి నెమ్మదిగా మూసుకుపోతుంది. చెట్టు వాడితే గానీ చాలామంది గమనించరు. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు కింద గిన్నె పెట్టి ఆరు నిమిషాలు పడితే 400 మిల్లీలీటర్లు రావాలి. లైను మొదట్లో, చివర్లో చూడండి. చివర 320కి తగ్గితే శుభ్రం చేయాల్సిందే. ఫిల్టరు ముందూ వెనకా ఒత్తిడి తేడా అర కిలో దాటినా జాలీ కడగాలి. వారానికోసారి లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు) చివరి మూత విప్పి బురద పోయేదాకా నీళ్ళు వదలాలి. ఉప్పుకు ఆసిడ్ పెట్టాలి. ముందు ఒక బకెట్ నీటిలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కొంచెం కొంచెంగా పోస్తూ, కాగితంతో పీహెచ్ 4 వచ్చేదాకా చూసి మోతాదు తేల్చుకోవాలి. నీళ్ళలో ఆసిడ్ పోయాలి గానీ ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, చిమ్మి కళ్ళు పోతాయి. లైన్లు నింపి 24 గంటలు ఆపి, తర్వాత చివరి మూతలు విప్పి కడిగేయాలి.

ఇంత చేసినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. గంటకు 3 వేల లీటర్ల బోరు, 9 గంటల కరెంటు, రోజుకు 27 వేల లీటర్లు. వేసవిలో పెద్ద చీనీ చెట్టుకు డ్రిప్పుతో వంద లీటర్ల లెక్కన, 20 అడుగుల దూరంలో నాటితే ఎకరాకు 110 చెట్లు, 11 వేల లీటర్లు. అంటే రెండున్నర ఎకరాలు పండుతుంది. కాలువ పెట్టి పారిస్తే ఎకరం చిల్లర. మిగిలిన నీటితో రైతు తోట పెంచుతాడు, ఎవరైనా అదే చేస్తారు. మోటారు మాత్రం అదే 9 గంటలు నడుస్తుంది. పైగా కాలువ పారకంలో కొంత తిరిగి నేలలోకి ఇంకేది, ఇప్పుడు అదీ లేదు. కుటుంబానికి ఆదాయం పెరిగింది, అది నిజమైన మేలు. నేలకు మిగిలింది మాత్రం ఏమీ లేదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెప్పింది. నీరు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఆ ఆరింటిలో ఒకటి. డ్రిప్పు పెట్టి తోట రెట్టింపు చేసిన ఊళ్ళన్నీ ఈ దోషంలోనే పడ్డాయి.

కొలత: చవకైన నాలుగోది

బోరు పోగొట్టిన చూపును తిరిగి ఇచ్చేది కొలత. బోరు పైపు పక్కన అంగుళం పైపు ఒకటి దించి ఉంచితే, గుర్తులు పెట్టిన తాడుకు బరువు కట్టి మట్టం చూడొచ్చు. రెండు వైర్లు, ఒక బ్యాటరీ, చిన్న బల్బు కడితే నీరు తగలగానే వెలుగుతుంది. ఊళ్ళో ఒక వానమాపకం. 2003 తర్వాత కొన్నేళ్ళు అనంతపురం, కడప, కర్నూలు సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే ఇలా కొలిచి, రబీ ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు.

వెయ్యెకరాల ఊరికి ఆ బడ్జెట్ వేసి చూడండి. 550 మిల్లీమీటర్ల వాన ఎకరాకు 22 లక్షల లీటర్లు. మన రాతినేలలో అందులో పదో వంతు ఇంకితే గొప్ప. ఊరి మొత్తానికి 22 కోట్ల లీటర్లు. వరి ఎకరాకు 48 లక్షలు తాగుతుంది, 45 ఎకరాలకు అయిపోతుంది. చీనీ డ్రిప్పుతో 23 లక్షల లెక్కన 95 ఎకరాలు. అదే నీటిని పైపులతో ఊరంతా పంచి, వానలు మొహం చాటేసినప్పుడు స్ప్రింక్లర్లతో 25 మిల్లీమీటర్ల తడి ఇస్తే? ఎకరాకు లక్ష లీటర్లు. దారిలో పోయే వృథా పక్కన పెడితే, వెయ్యెకరాల చెనిక్కాయకూ (వేరుశనగకూ) రెండు తడులు, ఒకటి ఊడలు దిగేటప్పుడు, ఒకటి కాయ ఊరేటప్పుడు. ఆ పైన ఇంకా రెండు కోట్ల లీటర్లు మిగులుతాయి.

మా తీర్పు ఈ లెక్క మీదే. తాగునీటికి బోరు మేలు. కొత్త సేద్యపు బోరు చేటు. పాత బోరుకు డ్రిప్పు మేలే, తోట పెంచనంత వరకు. బోర్లు కలిపి పంచుకుని తడులివ్వడం అన్నిటికంటే మేలు, అన్నిటికంటే కష్టం కూడా, ఎందుకంటే బోరున్నవాడు బోరు లేనివాడికి గేటువాల్వు తిప్పాలి. కొత్త బోరు వేయబోమని ఊరంతా మాటిచ్చుకున్నాకే అతను తిప్పుతాడు. ముందుగా ఆ ఒప్పందం, తర్వాతే పైపులు. వరస తప్పి సబ్సిడీ వచ్చింది కదా అని పైపులు ముందు వేస్తే అవి రెండేళ్ళకు ఎవరి చేలో వాళ్ళ సొంతమవుతాయి.

ఒప్పందం కుదిరేదాకా ఒంటరి రైతుకు సేద్యపు కుంట ఉంది. పైన పది మీటర్ల చదరం, లోతు రెండున్నర మీటర్లు, అంచులు ఒకటికి ఒకటి వాలు, పట్టేది 1 లక్షా 45 వేల లీటర్లు. ఎకరంన్నరకు దగ్గరగా ఒక తడి. చేనిలో పల్లపు మూలన తవ్వాలి. నీరు లోపలికొచ్చే చోట ముందు మీటరు గుంత ఒకటి వదిలితే ఒండ్రు అక్కడే ఆగుతుంది. ఏటా వైశాఖంలో ఆ గుంత పూడిక తీసి చేనికి చల్లుకోవాలి.