పాత ఓక్ నేలకు హార్డ్‌వాక్స్ ఆయిల్: ఏళ్ల వాడకం తర్వాత

న్యూజెర్సీలో 1920ల నాటి ఇల్లు, రెడ్ ఓక్ చెక్క పలకల నేల. పైన ప్లాస్టిక్‌లాంటి పొర కట్టే పాలియురేథేన్ వార్నిష్ వద్దనుకుని, చెక్కలోకి ఇంకే నూనె-మైనం పూత అయిన హార్డ్‌వాక్స్ ఆయిల్ పట్టించాం. రంగూ మెరుపూ సంగతి అందరూ చెప్పేదే. నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే: మచ్చ ఎక్కడ పడితే అక్కడి వరకే బాగుచేసుకోవచ్చు.

పూలకుండీ కింద నీరు దిగి నల్లటి వలయం పడింది. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థానికి తడి, ఇనుము తోడైతే వచ్చే నలుపు అది. లోపలికి ఇంకుతుంది కాబట్టి ఎంత గీకినా పూర్తిగా పోదు, గుంట మాత్రం పడుతుంది. ముందు 100 గ్రిట్ శాండ్‌పేపర్‌తో (గ్రిట్ అంటే గరుకుదనం అంకె, అది పెరిగేకొద్దీ కాగితం నునుపు), చేత్తోనే, చెక్క చారల వెంబడి పాత నూనె పొర తీసేయాలి. లీటరు వేడినీటిలో సుమారు 100 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి (గ్లవ్స్ తప్పనిసరి) మచ్చ మీదే కాకుండా ఆ పలక మొత్తానికీ పూయాలి. లేకపోతే నల్లమచ్చ పోయి తెల్లమచ్చ మిగులుతుంది. నలుపు విరిగాక శుభ్రంగా కడిగి, ఒకరోజు పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ తేలిగ్గా రుద్ది, నూనె పట్టించి, పావుగంటలో మిగులంతా తుడిచేయాలి. కొన్ని వారాలు ఆ పలక కొత్తగా కనిపించింది, తర్వాత కలిసిపోయింది. పాలియురేథేన్ అయితే అతుకు అంచు తెలిసిపోతుంది. అందుకే గది మొత్తం రుద్ది మళ్లీ కోటు వేస్తారు. పూర్తిగా సానబట్టాల్సి వస్తే చెక్కే అరుగుతుంది. పలకలు ఒకదానిలో ఒకటి బిగిసే గాడి పైన ఉండే చెక్క సుమారు 6 మిల్లీమీటర్లే, పాత ఇళ్లలో అందులో ఎంత మిగిలిందో చూసుకోవాలి.

అయితే ఈ నూనె గురించి చెప్పే ‘ఒక్క కోటు చాలు’ అన్నమాట మా ఇంట్లో పడకగదులకే చెల్లింది. పొయ్యి ముందు ఏటా ఒకసారి నూనె పట్టించక తప్పట్లేదు. పోపు చిందిన పసుపు వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది, మిగిలిన ఛాయ వెలుతురు తగిలేచోట క్రమంగా వెలుస్తుంది. బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెట్టే అలవాటు మాత్రం ఈ నేలకు పనికిరాదు. బాగా పిండిన గుడ్డే వాడాలి. స్టీమ్ మాప్ అసలు వద్దు.

నేలంతా సానబట్టేటప్పుడు 40, 60, 80, 100 గ్రిట్‌లు వరసగా వాడి, 100తో ఆపండి. మరీ నునుపు చేస్తే నూనె సరిగా ఇంకదు. గోడల అంచులు ఒక గ్రిట్‌తో, నడుమ మరొక గ్రిట్‌తో ముగిస్తే గది చుట్టూ ఫ్రేమ్ కట్టినట్టు రంగు తేడా వస్తుంది. అమెరికాలో ఇల్లు 1978కి ముందుదైతే పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పరీక్ష చేయించాకే సానబట్టే మిషన్ పెట్టించండి. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే నిప్పంటుకోవచ్చు. విడివిడిగా బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న ఇనుపడబ్బాలో ఉంచండి.

చెప్పులు గుమ్మం దగ్గరే విడిచే ఇల్లు మాది, కుక్క లేదు, కాబట్టి నేలకు అరుగుదల తక్కువ. అద్దెకిచ్చే ఇల్లయినా, ఏటా నూనె పట్టించే ఓపిక లేకపోయినా పాలియురేథేనే వేయించండి.